తాంబాళం కోసి చేసిన గ్యాస్కెట్

మొన్న చలికాలం దాకా పొద్దున్నే నన్ను చూస్తే మా కారుకు చిరాకు. తాళం తిప్పగానే బానెట్ కింద నుంచి 'చ్చ్, చ్చ్, చ్చ్' అనేది. నాలుకను పళ్ళ వెనక ఆనించి లాగితే వచ్చే చప్పుడు. కూరలో ఉప్పు ఎక్కువైందని గానీ, బండి గోడకు రాసుకుందని గానీ నోరు తెరిచి చెప్పడం ఇష్టంలేని మనుషులు చేసే చప్పుడు. మావారు చేసేవారు. ఆయన పోయాక ఆ పని కారు అందుకుంది.

దయ్యాల సంగతి నాకు తెలియదు కానీ ఇంజన్ల సంగతి కొంచెం తెలుసు, ఆయనతో కాపురం చేశాను కనుక. ఇంజనులో పెట్రోలు మండాక పొగ బయటికి పోవడానికి ఒక ఇనుప గొట్టం ఉంటుంది. ఆ గొట్టం ఇంజనుకు కలిసేచోట రెండు ఇనుముల మధ్య పల్చటి రేకు ఒకటి పెట్టి బోల్టులు బిగిస్తారు. ఆ రేకే గ్యాస్కెట్. ఇనుము ఇనుముతో నేరుగా సర్దుకోలేదు, మధ్యలో మెత్తటిది ఏదో ఒకటి నలగాలి. ఉమ్మడి కుటుంబంలోకి కోడలిగా వచ్చినదాన్ని, ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రేకు ఎక్కడైనా సరిగ్గా ఆనకపోతే ఆ సన్నటి సందులోంచి పొగ తన్నుకొచ్చి చప్పుడు చేస్తుంది. అదీ ఇంజను చల్లగా ఉన్నంతసేపే. వేడెక్కాక ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగిపోతుంది.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక మేడ మీద. నడిస్తే ముందే చేరతాను. ఆ సంగతి నాకు తెలుసు, మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకు ఇంకా బాగా తెలుసు. రోజూ నన్ను చూసి నవ్వు ఆపుకోవడానికి ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చల్లేవాడు. అయినా కారులోనే వెళ్ళేదాన్ని. మొజంజాహీ మార్కెట్ దగ్గర సిగ్నల్ పడేసరికి చప్పుడు పల్చబడేది. అబిడ్స్ మలుపు తిరిగేసరికి ఉండేది కాదు. అంటే ఆయన నన్ను అబిడ్స్ దాకా దిగబెట్టి వెళ్ళిపోయేవారన్నమాట, బతికున్నప్పటిలాగే.

మా పుట్టింటివాళ్ళు కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడినవాళ్ళు. మావారివాళ్ళు తెలంగాణ పల్లె నుంచి సేద్యం వదిలి నాంపల్లి చేరినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో నేను 'అత్తయ్యగారూ' అని పిలిస్తే మా అత్తగారు వెనక్కి తిరిగి, గుమ్మంలోకి ఎవరో పెద్దమనిషి వచ్చారేమో అని చూసేది. తర్వాత నేనూ అందరిలాగే అత్తమ్మా అనడం నేర్చుకున్నాను. ఆమె నా పప్పుచారును మాత్రం చివరిదాకా పప్పుచారని ఒప్పుకోలేదు, 'ఆంధ్రోళ్ళ పులుసు' అనేది. తింటూనే అనేది.

మావారు ఒక ఆఫీసులో గుమాస్తా. వారమంతా ఫైళ్ళు కదిలించేవారు, ఆదివారం ఇంజను కదిలించేవారు. మాకు పిల్లల్లేరు, కారు ఉంది. మా పెళ్ళికన్నా పాతది. దాన్ని మెకానిక్ దగ్గర వదిలిరావడమంటే సొంత బిడ్డను పరాయి ఇంట్లో పడుకోబెట్టడమే ఆయన దృష్టిలో. అందుకని అన్నీ తనే విప్పేవారు, తనే బిగించేవారు. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి మెట్ల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను అటు వెళ్ళేదాన్ని, ఆయన బానెట్ కిందకు వెళ్ళేవారు. మధ్యాహ్నానికి ఇద్దరం నల్లటి చేతులతో కలుసుకునేవాళ్ళం, నావి దుమ్ముతో, ఆయనవి గ్రీజుతో. ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఎవరో వాడి వదిలేసినది ఇంకా పనికొస్తుందని నమ్మడం.

గ్యాస్కెట్‌ను ఆయన కొత్తది కొనడం నేను చాలా అరుదుగా చూశాను. విప్పినదాన్ని చిరగకుండా, పెనం మీంచి దోశను లేపినట్టు, అట్లకాడతో అంచులు వదులుచేసి లేపేవారు. మా ఇంట్లో అట్లకాడలన్నీ అలా వంగినవే. లేపాక గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, నానబెట్టి, పాత జిగురు గోకి, గుడ్డతో తుడిచి, సన్నికల్లు కింద పెట్టి అణిచేవారు. మళ్ళీ బిగించేటప్పుడు అంచులకు కాస్త జిగురు. ఇంజను తలకాయ కింద ఉండే పెద్ద గ్యాస్కెట్ ఒక్కటే రెండోసారి వాడేవారు కాదు. తలకాయతోని పరాచికాలు వద్దనేవారు. మిగతావన్నీ వాడినవే. వాడినదేదీ వాడిపోదని ఆయన సిద్ధాంతం. కొత్తది తెచ్చుకోవచ్చు కదా అని నేనొకసారి అంటే, "ఒకసారి అణిగిందంటే దాని జాగా దానికి ఎర్కుంటది. కొత్తది వస్తె మల్ల మొదటి నుంచి నేర్పాలె," అన్నారు. నా వంక చూస్తూనే అన్నారు.

మళ్ళీ వాడటానికి వీల్లేనివి కూడా పారేసేవారు కాదు. వరండా గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించేవారు. గ్యాస్కెట్‌లో బోల్టులకూ గొట్టాలకూ గుండ్రటి రంధ్రాలుంటాయి. గోడకు వేలాడదీస్తే అవి కళ్ళవుతాయి. కొన్నిటికి నోరు కూడా ఉండేది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే వాటి నీడలు వెలుతురు కళ్ళేసుకుని వరండా నేలంతా పాకేవి. ఇంటికొచ్చిన చుట్టాలు వాటికి వీపు పెట్టి కూర్చునేవారు. నేను మొదట్లో భయపడ్డాను, తర్వాత అలవాటుపడ్డాను, ఆయన పోయాక మళ్ళీ మొదటికొచ్చాను.

ఇక తాంబాళం సంగతి. పొగ గొట్టం దగ్గర గ్యాస్కెట్ ఒక ఏడు పూర్తిగా కాలి పెళ్ళలుగా ఊడివచ్చింది. కారు మోడల్ పాతది, కోఠీ వైపు విడిభాగాల దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. రాగి రేకుతో చేసుకుంటే జీవితాంతం ఉంటుందని ఆయనకు తోచింది. రాగి రేకు బేగంబజార్‌లో దొరుకుతుంది. కానీ అటక మీద నా పెద్ద రాగి తాంబాళం ఉంది. మా అమ్మ నాకు పెళ్ళిలో ఇచ్చినది. అంచు చీలి, ఎన్నడో అటకెక్కింది. వెనక వైపు మా అమ్మ నా పేరు కొట్టించింది. గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్ళు చిన్న ఉలితో చుక్కచుక్కగా కొడతారు చూడండి, అలా. మా అమ్మ ఇచ్చిన వస్తువుల్లో నా పేరులో అచ్చుతప్పు లేకుండా ఉన్నది అదొక్కటే. ఆయన దాన్ని దించి, వరండాలో పెట్టుకుని, తిప్పితిప్పి చూస్తుంటే నాకు విషయం అర్థమైంది. చాలా వాదించాను. ఆయన చ్చ్ అన్నారు. చివరికి విసిగిపోయి, కోసుకోండి గానీ నా పేరు మాత్రం కోయకండి అన్నాను.

"నీ పేరు జోలికి నేనెందుకు పోత," అన్నారు.

ఆ ఆదివారం అబిడ్స్ నుంచి వచ్చేసరికి తాంబాళం లేదు. వరండాలో రాగి తుంపులు, మధ్యలో నాలుగైదు కళ్ళతో మెరిసే ఒక పొడవాటి రేకు. తుంపులు పాత సామానువాడికి పోయాయి. నా పేరు కూడా వాటితోనే పోయి ఉంటుందని నేను అనుకున్నాను. అడగలేదు. అడిగితే కోపం పోయినట్టు లెక్క. ఆయన కూడా చెప్పలేదు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టు లెక్క. మా కాపురంలో ఇలాంటి అడగనివి, చెప్పనివి చాలా ఉన్నాయి.

రాగి రెండు ఇనుముల మధ్య నలిగి నలిగి గట్టిపడుతుంది. గట్టిపడితే సరిగ్గా ఆనదు, సందు ఇస్తుంది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. అందుకని ఏడాదికోసారి ఒక ఆదివారం ఆ రేకును విప్పి, నా వంటింటి స్టవ్ మీద కాల్చేవారు. నేను కాఫీ డికాక్షన్ పెట్టుకునే బర్నరు అదే. ముంచే నీళ్ళు నా చారు గిన్నెలో. నేను గుమ్మంలో నిలబడి కళ్ళెర్రజేస్తే, పట్టకారుతో రేకును తిప్పుతూ ఆయనన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "రాగి ఎర్రబడితె మెత్తబడతది పంతులమ్మా. నువ్వేందో, ఎర్రబడితె గట్టిపడతవ్." నేనేనాడూ పంతులమ్మను కాదు. తప్పులు దిద్దుతానని ఆ పేరు పెట్టారు.

తర్వాత ఆయన ఆరోగ్యం పాడైంది. పానా తిప్పే బలం చేతుల్లోంచి పోయింది. రేకును కాల్చే ఆదివారం ఆ ఏడు వచ్చింది, వెళ్ళింది. వానల్లో ఆయన దవాఖానలో చేరి మళ్ళీ ఇంటికి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక మా మరిది, ఊరికే నిలబెడితే బ్యాటరీ పోతుంది, రోజూ కాసేపు ఇంజను ఆన్ చెయ్యి వదినా అని చెప్పి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఆయన సీట్లో కూర్చుని, ఆయన తాళం తిప్పాను. చ్చ్, చ్చ్, చ్చ్. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వరండా మెట్టు మీద ఎల్లిగడ్డలు ఒలుస్తున్న అత్తమ్మ చెయ్యి కూడా ఆగిపోయింది. నేను అద్దంలోంచి ఆమెను చూశాను. ఆమె కారును చూస్తోంది.

"ఇంటున్నవా," అంది.

ఔనని తలూపాను. ఇంజను వేడెక్కి ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదలలేదు. ఆగాక ఆమె ఇంకో ఎల్లిగడ్డ తీసుకుంది.

ఆ తర్వాత అది ఇంటి పద్ధతైపోయింది. పొద్దున నేను ఇంజను ఆన్ చేసి లోపలికి వచ్చి టిఫిన్ డబ్బా సర్దుకునేదాన్ని. అత్తమ్మ వెళ్ళి ముందు సీట్లో కూర్చునేది. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మాట్లాడేది. నల్లా నీళ్ళు రాలేదని, చిన్నోడు మళ్ళీ చిక్కిపోయాడని, ఎదురింటి అరుగు మీద కుక్క ఈనిందని. వంటింటి కిటికీలోంచి నాకు రెండూ వినబడేవి, ఆమె మాట, మధ్యమధ్య కారు చ్చ్. బతికున్నప్పుడు కూడా తల్లితో ఆయన సంభాషణ అంతకన్నా పొడవుగా సాగేది కాదు. చప్పుడు ఆగగానే ఆమె తలుపు తీసుకుని దిగి వచ్చేది. అప్పుడు నేను ఎక్కి అబిడ్స్‌కు బయల్దేరేదాన్ని. దారిలో నా వాటా కోసం ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆమెను దించేసిన రోజులు కూడా ఉన్నాయి. సవతుల్లా పంచుకున్నాం ఆ చప్పుడును.

ఇంట్లోకి వచ్చాక మాత్రం ఆమె మాట్లాడేది కాదు. ఆయన పోయాక అత్తమ్మ నా వంటకు వంకలు పెట్టడం మానేసింది. ఉప్పు మరిచిపోయినా తినేసేది. అది నాకు గోడ మీది కళ్ళకన్నా భయంగా ఉండేది.

మా మరిది కాచిగూడలో ఉంటాడు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని. ఇంజను పని అన్న దగ్గర చూసి నేర్చుకున్నవాడే. ప్రతి ఆదివారం వచ్చి బానెట్ ఎత్తి, ఒక చెవి వాల్చి విని, గ్యాస్కెట్ మార్చాలి వదినా అనేవాడు. ఆ తర్వాత ఏదో ఒక కారణం చెప్పేవాడు. పాత మోడల్ కదా, దొరకడంలేదు. బోల్టులు తుప్పుపట్టాయి, విప్పితే విరుగుతాయి. వానలు పోనీ. పండగ పోనీ. ఒక్కో కారణానికి నేను సంతోషించి ఇంకో వాయి మిర్చీబజ్జీ వేసేదాన్ని. అతను తింటూ, మళ్ళీ వెళ్ళేముందు ఒకసారి ఇంజను ఆన్ చేయమనేవాడు, చూద్దామని. ఏం చూస్తాడో నేను అడగలేదు.

చలికాలం వచ్చింది. అత్తమ్మ చలికి తట్టుకోలేక కారు అద్దాలు పైకి తిప్పుకుని, శాలువా కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కారులో కూర్చుంటే మంచిగా నిద్ర పడుతోందని చెప్పింది. నాకేమో పొద్దుటిపూట తలనొప్పి వస్తోంది. ప్రూఫుల్లో ఒత్తులు వెతికి వెతికి వస్తోందనుకున్నాను.

ఆ రోజు డబ్బాలో అన్నం సర్దుతున్నాను. బయట చప్పుడు ఆగింది. దాని తర్వాత రావలసిన తలుపు చప్పుడు రాలేదు. మూత పెట్టాను. రాలేదు. బయటికి వెళ్ళి చూస్తే అత్తమ్మ తల సీటుకు వాల్చి పడుకుని ఉంది. ముఖం ఎర్రగా, నిండుగా, ఆయన పోయాక ఎన్నడూ చూడనంత నిమ్మళంగా ఉంది. అద్దం మీద కొట్టాను. కదల్లేదు. తలుపు తీస్తే లోపల కాలిన వాసన. పిలిచాను, బుగ్గలు తట్టాను. నా అరుపుకి ఇస్త్రీ ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం మోసుకొచ్చి వరండా మెట్ల మీద, గాలిలో పడుకోబెట్టాం. ఆ కాసేపు గోడ మీది కళ్ళన్నీ మమ్మల్నే చూస్తున్నట్టుంది. తర్వాత ఆమె ఒళ్ళు కుదిపినట్టై, పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచి నన్ను పోల్చుకుంది. మొదట అన్నమాట ఇది.

"ఎందుకు లేపినవ్ బిడ్డా. వానితోని మాట్లాడుతున్న గద."

దవాఖానలో ఆక్సిజన్ పెట్టి ఒక పూట ఉంచుకున్నారు. డాక్టరు చిన్నవాడు, ఓపికగలవాడు. ఇంజను పొగ సందుల్లోంచి కారు లోపలికి వస్తోందని, దానిలో ఉండే విషానికి రంగూ వాసనా ఉండవని, నిద్రలా వచ్చి తీసుకుపోతుందని చెప్పాడు. ఇంకాసేపు ఉంటే లేచేది కాదన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా అని అడిగాడు. నాకుంది, అచ్చుతప్పులవల్ల అన్నాను. డాక్టరు నవ్వలేదు.

ఆదివారం మరిది వచ్చాడు. వరండాలో ముగ్గురం కూర్చున్నాం. గ్యాస్కెట్ మార్చేదాకా ఇక ఎవరూ కారు ఎక్కడానికి లేదని, తాళం నా దగ్గరే ఉంటుందని నేను చెప్పాను. అత్తమ్మ నా వైపు చూడలేదు. చిన్న కొడుకుతో మాట్లాడింది. అన్న బట్టలు పంచిపెట్టారని, మంచం తీసేశారని, ఫోన్ నంబరు కూడా తీసేశారని, తనేమీ అనలేదని నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"గా సప్పుడొక్కటి ఉండనియ్యున్రి. నేను అద్దాలు దించుకొని కూసుంట. అది తీసేస్తె మాత్రం నేను మల్ల గా బండి ఎక్క."

మరిది లేచి వెళ్ళాడు. కోపమొచ్చి వెళ్ళిపోతున్నాడనుకున్నాను. స్కూటర్ దగ్గర ఆగి, డిక్కీ తెరిచి, గుడ్డల కింద నుంచి ఒక పల్చటి ప్యాకెట్ తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. కొత్త గ్యాస్కెట్. పైన ప్లాస్టిక్ కవరు మసిబారి, మూలలు అరిగిపోయి ఉంది. ఎన్నాళ్ళు డిక్కీలో తిరిగితే అలా అవుతుందో నాకు తెలుసు, మావారి వస్తువులన్నీ అలాగే ఉండేవి.

"ఎప్పుడో దొరికింది వదినా," అన్నాడు తల వంచుకుని. "బిగిస్తె మల్ల అన్న సప్పుడు ఇనవడదని ఉంచిన."

ఎవరికివారం ఆయన్ను విడిగా దాచుకుంటున్నామనుకున్నాం. ముగ్గురం కలిసి దాచిన ఆ చోటులోంచే ఆమెకు విషం వచ్చింది. ఆ ఒక్క మాట మనసులో తిరుగుతుంటే అక్కడ కూర్చోలేక, విప్పు పద అన్నాను.

బోల్టులు తుప్పుపట్టిన మాట నిజమే. అతను పానాతో తిప్పుతుంటే ఒక్కొక్కటీ మూలిగి వదిలింది. బోల్టులు వేసే డబ్బా నేను పట్టుకున్నాను. గొట్టం కాస్త ఇవతలికి జరిగాక, వంగిన అట్లకాడ ఒకటి వంటింట్లోంచి తెచ్చి, అంచులు వదులుచేసి రేకును నేనే లేపాను. ఎలా లేపాలో చేతికి తెలుసు. చూసి చూసి వచ్చింది. రేకు రెండువైపులా మసి. గుడ్డకు గ్యాసునూనె అద్ది తుడిచాను. ఒకవైపు నున్నగా రాగి రంగు బయటపడింది. రెండోవైపు, రెండు రంధ్రాల మధ్య వెడల్పుగా ఉన్నచోట, చుక్కలు తగిలాయి.

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. నా పేరు.

మొత్తం ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా, ఒక్క చుక్క తెగలేదు. కొలత కాగితాన్ని అటూ ఇటూ జరిపి గీసుకుని, కత్తెర పక్కనుంచి తిప్పి తిప్పి, పేరు పూర్తిగా లోపల పడేలా కోశారు. తుంపుల్లో పోయిందని నేను అనుకున్నన్నాళ్ళూ అది ఇంజనులో ఉంది. నేను కోపంతో అన్నమాటను ఆయన కొలతగా తీసుకున్నారు.

మరిది వేలు పెట్టి చూపించాడు. రాగి అంతటా సమానంగా అణిగింది గానీ ఉలి చుక్కలు కొట్టినచోట గుంటలు. పొగ ఆ గుంటల వెంట దారి చేసుకుంది. నా పేరు పొడుగునా ఒక నల్లటి చార, మధ్య అక్షరం దగ్గర బాగా చిక్కగా. ఏడాదికోసారి కాల్చి మెత్తబరిచినప్పుడు ఆ గుంటలు పూడి కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉండేవి. కాల్చే మనిషి పోయాక తెరుచుకున్నాయి. పొద్దున్నే అబిడ్స్ దాకా నన్ను దిగబెట్టిన ఆ చప్పుడు నా పేరులోంచే వచ్చింది.

చాలాసేపు దాన్ని అలాగే పట్టుకున్నాను. వృత్తిరీత్యా నా కంటబడ్డ తప్పును నేను దిద్దకుండా వదలను. దీన్ని ఏమని దిద్దాలో తోచలేదు.

అత్తమ్మ మెట్టు దిగి వచ్చి ఏమి రాసుందని అడిగింది. చదివి చెప్పాను. ఆమె వేలితో చుక్కల మీద రాసింది. వేలు నల్లగా అయింది. దాన్ని తుడుచుకోలేదు.

"కాల్చు బిడ్డా," అంది. "వాడు కాల్చినట్టె కాల్చు. కాల్చి మల్ల పెట్టున్రి."

మరిది నా మొహం చూశాడు. కాలిస్తే కొన్నాళ్ళు నడుస్తుంది, అన్న అలాగే చేసేవాడు కదా అన్నాడు, సగం గొంతుతో. చేతిలో కొత్త ప్యాకెట్ ఉంది. చింపలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఆ బర్నరే వెలిగించాను. పట్టకారుతో రేకును మంట మీద పట్టాను. మసి కాలింది, రాగి ముందు నీలంగా, తర్వాత వంకాయ రంగుగా, తర్వాత ఎర్రగా మారింది. ఎర్రబడ్డాక నా పేరు మిగతా రేకులో కలిసిపోయి కనపడలేదు. అత్తమ్మ గుమ్మంలో, నేను నిలబడే చోట నిలబడింది. ఆమె వెనక వరండా గోడ, వరసగా కళ్ళు, ఆ వరసకు పైన దండ వేసిన ఆయన ఫొటో. ఫొటో పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. ఆ మేకు మీదే నా చూపు ఆగింది.

చారు గిన్నెలో ముంచాను. రేకు చుయ్‌మని ఆవిరి వదిలింది. చల్లారాక చేతిలోకి తీసుకుంటే తమలపాకులా వంగుతోంది. చుక్కలు మళ్ళీ కనబడ్డాయి, కాస్త పల్చగా. అత్తమ్మ చెయ్యి చాపింది, మరిదికి ఇవ్వడానికి.

"గోడ మీద దండకు ఒక్కరు చాలు అత్తమ్మా," అన్నాను.

ఆమెకు అర్థమైంది. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, కొంగులోకి తీసుకుంది. నేను వెళ్ళి ఆ రేకును ఖాళీ మేకుకు తగిలించాను. వెనక ప్యాకెట్ చింపిన చప్పుడు వినబడింది.

మర్నాడు పొద్దున తాళం తిప్పితే ఇంజను మెత్తగా లేచింది. అంతే. సిగ్నల్ దాకా, మలుపు దాకా, ఇంజను మర్యాదగా తన పని తను చేసుకుంది. దయ్యం ఉన్న ఇంట్లో ఎలా ఉండాలో నేను నేర్చుకున్నాను. దయ్యం ఖాళీచేసిన ఇంట్లో ఎలా ఉండాలో తెలియలేదు. తలనొప్పి పోయింది. దాని లోటు కూడా తెలిసింది.

అత్తమ్మ మాట మీద నిలబడింది. కారు ఎక్కలేదు. పొద్దున నేను ఇంజను ఆన్ చేసే సమయానికి మెట్టు మీద కూర్చునేది, అటు తిరిగి. ఉప్పు లేని కూర తింటూనే ఉంది. ఒక పూట కావాలనే పప్పుచారులో చింతపండు రెట్టింపు వేశాను. తినేసి, చెయ్యి కడుక్కుంది. ఆమెను పొగలోంచి బయటికి లాగానే గానీ ఇంట్లోకి తేలేకపోయానని అనుకున్నాను.

ఒక పొద్దున, మా సందులో కారు వెనక్కి తీస్తున్నాను. చెవి ఇంకా పాత అలవాటు మీద బానెట్ వైపే ఉంది, కళ్ళు కూడా దాని వెంటే ఉన్నట్టున్నాయి. వెనక బంపరు వెళ్ళి ఎదురింటి గోడను రాసింది.

చ్చ్.

ఇంజను ఆపేశాను. సందంతా నిశ్శబ్దం. కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు, ఆగిన ఇంజను.

చ్చ్.

తల తిప్పి చూశాను. అత్తమ్మ మెట్టు మీద ఇటు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో సగం ఒలిచిన ఎల్లిగడ్డ. బంపరు వంక చూస్తోంది. నాలుక పళ్ళ వెనక ఇంకా ఆనే ఉంది. ఆయనకు ఆ చప్పుడు ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలియక కాదు. కానీ కొడుకు పోయిన రోజు నుంచి ఆమె దాన్ని మానేసింది. అది ఆయన ఒక్కరిదే అనుకోవడం నాకు అలవాటైపోయింది.

"ఎన్క గోడున్నది కనవడ్తలేదా," అంది. "కండ్లద్దాలు గా కాయితాలకేనా? బండికి గూడ పెట్టుకోవాలె. నిన్నటి పులుసు గూడ గట్లనే చేసినవ్, నోట్ల పెట్టనీకి రాలె."

నేను దిగి, అవతలి వైపు వెళ్ళి, ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె తలుపు వంక చూసింది, నా వంక చూసింది, గోడ మీది రాగి వంక చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వచ్చి కూర్చుని, అద్దం తనే పూర్తిగా కిందికి దించుకుంది. చలిగాలి లోపలికి వచ్చింది. శాలువా బిగించుకుంది.

సందు దాటేటప్పుడు ఇస్త్రీ బండికి మరీ దగ్గరగా తీశానని ఒకసారి చ్చ్. స్టేషన్ ముందు ఆటోకు దారి ఇచ్చానని ఒకసారి, బస్సుకు ఇవ్వలేదని ఒకసారి. మొజంజాహీ మార్కెట్ దగ్గర సిగ్నల్ పడింది. అక్కడ పల్చబడుతుందేమో అని అలవాటుగా ఎదురుచూశాను. పల్చబడలేదు. అబిడ్స్ మలుపు తిరిగాక కూడా ఆగలేదు.